ఆస్కార్ చేపకు ఏ కొలత చొక్కా?

చిరంజీవులకు,

మీ ఉత్తరం అందింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న అక్వేరియంలో వేటాడే చేపను పెంచాలని మీ ముచ్చట. పెద్దవాడికి అరోవానా కావాలి, చిన్నదానికి ఆస్కార్ కావాలి. ఉత్తరం చివర ఒక ప్రశ్న అడిగారు: “చేప తొట్టెను బట్టే పెరుగుతుందట, చిన్న తొట్టెలో చిన్నగానే ఉండిపోతుందట, నిజమేనా తాతయ్యా?” చివర అడిగినా అసలు ప్రశ్న అదే. ముందు దాని సంగతి చూద్దాం.

ఎదిగే పిల్లవాడికి నిరుటి చొక్కాయే తొడుగుతూ పోతే వాడు ఎదగడం మానేస్తాడా? చంకల దగ్గర ఒరుసుకుంటుంది, గుండీలు ఊడతాయి, వాడు చేతులెత్తలేక ముడుచుకుని కూర్చుంటాడు. ఇరుకు తొట్టెలో చేప ఎదుగుదల మందగించే మాట నిజమే. అయితే అది గాజు గోడల కొలత చూసుకుని బుద్ధిగా ఆగిపోవడం కాదు. నీళ్లు చెడి, ఒళ్లు కుంగి, ఒక్కోసారి వెన్ను వంకరపోయి, నిండా బతక్కుండానే పోతుంది. ‘చిన్నగా ముద్దుగా ఉండిపోయింది’ అని మనం మురిసేది జబ్బు చేసిన చేపను చూసి.

చొక్కా ఊసు ఎత్తాను కాబట్టి ఇంకాస్త దూరం దానితోనే నడుస్తాను. దర్జీ పొడవు ఒక్కటే కొలవడు, ఛాతీ కూడా కొలుస్తాడు. తొట్టెకు ఛాతీ అంటే వెడల్పు. ముందుకు ఈదడానికి పొడవు కావాలి, వెనక్కి తిరగడానికి వెడల్పు కావాలి. ఎదిగిన ఆస్కార్ 30 సెంటీమీటర్లు దాటుతుంది. మీ తొట్టె వెడల్పు అంతే. నేల మీద సుద్దముక్కతో 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గడి గీయండి. బడి సంచిలోని పొడుగు స్కేలును అందులో పెట్టి, గీతలకు తగలకుండా వెనక్కి తిప్పి చూడండి. స్కేలుకు తోక ఊపే పని కూడా లేదు, అయినా తిరగదు.

దర్జీకి లేని చిక్కు మరొకటి ఉంది. మనం ఈ చొక్కాను రాత్రికి విప్పి ఉతుక్కుంటాం, చేప విప్పలేదు. తిన్న తిండి అరిగాక మిగిలే అమోనియాను మొప్పల గుండా అదే నీటిలోకి వదులుతుంది, మళ్లీ అదే నీటిని పీల్చుకుంటుంది. ఫిల్టర్‌లో కాపురముండే బ్యాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే. మూడోది కాస్త మెత్తనిది, కానీ పేరుకుపోతుంది. వారం వారం కొంత నీరు తోడి కొత్త నీరు పోయడమే ఈ చొక్కాకు ఉతుకు. మాంసం తినే చేప దాన్ని త్వరగా మాపుతుంది. కొనేటప్పుడు ఆస్కార్ పిల్ల 5 సెంటీమీటర్లు ఉంటుంది. అది 30 అయ్యేనాటికి పొడవు ఆరు రెట్లే, కానీ లావూ ఎత్తూ కూడా ఆరేసి రెట్లు పెరుగుతాయి. ఆరును ఆరుతో, మళ్లీ ఆరుతో గుణించండి. బరువు 216 రెట్లు! తిండీ మురికీ ఆ బరువుకు తగ్గట్టే.

మీ తొట్టెలో అంచుల దాకా పోసినా పట్టేది 54 లీటర్లు. ఒక్క ఆస్కార్‌కు దాదాపు 300 లీటర్లు కావాలి. అంటే 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 లోతు. వెండి అరోవానా మాట అడగనే వద్దు. అది మూడడుగుల చేప. అమెజాన్ వరద అడవుల్లో నీటిపైకి వంగిన కొమ్మల మీది పురుగును ఎగిరి అందుకుంటుంది. మూత బిగించకపోతే తెల్లారేసరికి నేల మీద ఉంటుంది. ఎర్ర తోక క్యాట్‌ఫిష్ పిల్లలు కూడా అమ్ముతారు, మీసాలతో భలే ఉంటాయి. మీటరు దాటి పెరిగే ఆ చేపకు ఇంట్లో చోటు చూపడం అయ్యే పని కాదు. పెరిగిపోయిందని చెరువులోనో కాలువలోనో వదలడం మరీ తప్పు. అక్కడ పుట్టి పెరిగిన చేపలు ఏం పాపం చేశాయి?

చిన్నప్పుడు మేము బడికి వెళ్లే దారిలో ఒక చెరువు ఉండేది. తూటికాడల పక్కన నీటిపై ఎర్రటి చుక్కలు గుంపుగా ఉడుకుతున్నట్టు కదిలేవి. అవి కొరమీను పిల్లలు. గుంపు కింద తల్లో తండ్రో నల్లగా నీడలా కాపలా కాసేది. మట్టి గడ్డ విసిరితే పిల్లలన్నీ ఒక్కసారి మునిగేవి, పెద్దది మాత్రం దూరం వెళ్లేది కాదు. కాసేపటికి మూతి బయట పెట్టి గాలి ఒక్క గుక్క మింగి దిగిపోయేది. కొరమీనుకు మొప్పలతో పాటు గాలి పీల్చే అర కూడా తలలో ఉంటుందని తర్వాత ఎప్పుడో చదువుకున్నాను. బడికి ఆలస్యమైన కారణం మాత్రం మాస్టారికి ఎన్నడూ నచ్చలేదు. ఆ కుటుంబంలోనే చన్నా గాచువా అనే జానెడు చేప ఉంది. మీరు ఎప్పుడైనా మూడడుగుల తొట్టె తీసుకుంటే దాని గురించి మాట్లాడుకుందాం. నీటికీ మూతకూ మధ్య గాలి ఉంచాలి సుమా.

ఇప్పుడున్న తొట్టెకు నా సలహా పీ పఫర్. కేరళ, కర్ణాటక పడమటి కనుమల నదుల చేప, పెరిగినా 3.5 సెంటీమీటర్లు మించదు. చిన్నదని ముఖం ముడుచుకోకండి. నత్త కనిపిస్తే ఉన్నచోటే ఆగి, తోక ఓ పక్కకు వంచి, ఒక కన్ను నత్త మీద, రెండో కన్ను మీ మీద పెడుతుంది. రెండు కళ్లూ విడివిడిగా తిరుగుతాయి. నత్త మెత్తటి ఒళ్లు బయట పెట్టేదాకా ఆగి, ఠక్కున కొరుకుతుంది. మొక్కలు దట్టంగా పెంచితే నాలుగైదు పఫర్లను ఉంచవచ్చు. వేరే చేపలు మాత్రం వద్దు, పఫర్లు వాటి రెక్కలు కొరుకుతాయి. ఇక ఏ వేట చేపకైనా నోట్లో పట్టే తోటిచేప తిండే, స్నేహం చేయిద్దామని చూడకండి.

తొందరపడి చేపను తేకండి. ముందు ఒక గాజు సీసాలో నీటి మొక్క, నాలుగు నీటి నత్తలు వేసి కిటికీ దగ్గర పెట్టండి. కొన్నాళ్లకు గాజుకు అంటుకుని పారదర్శకమైన జిగురు ముద్ద కనిపిస్తుంది. భూతద్దం పెట్టి అందులో గుడ్లెన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి. అన్నాచెల్లెళ్లు విడివిడిగా లెక్కపెట్టండి, ఒకరిది చూసి ఒకరు రాయకూడదు.

మీ తాతయ్య