రిఫర్ చీటీ వెనక లెక్క

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీరడిగినదానికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. "వీడియోలో డాక్టరు చూస్తే రోగికి ప్రయాణం తప్పుతుంది, సరే. పల్లెలోని ఆసుపత్రికేం ఒరుగుతుంది తాతయ్యా?" అన్నారు. చిన్న ఆసుపత్రిలో ఏళ్ల తరబడి లెక్కలు రాసినవాణ్ణి, ఆ మాత్రం చెప్పలేకపోతే ఎలా? అందుకే ఈ ఉత్తరం.

రోగి సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పట్నం ఆసుపత్రికి ఎవరూ ఒక్కరే వెళ్లరు, తోడు ఇంకొకరుండాలి. ఇద్దరి కూలీ పోతుంది. డాక్టరు చూసేది పది నిమిషాలు, గడిచిపోయేది రోజంతా. అందుకే చాలామంది వాయిదా వేస్తారు. జబ్బు ముదిరాక వెళ్తే అప్పు చెయ్యక తప్పదు.

ఆసుపత్రి లెక్క వేరు. నా బల్ల మీద ఒక రిజిస్టరు ఉండేది. మా దగ్గర స్పెషలిస్టు లేక పెద్దాసుపత్రికి పంపేస్తే, చివరి గడిలో 'రిఫర్' అని రాసేవాణ్ణి. ఆ మాట రాశానంటే రక్తపరీక్ష మా ల్యాబులో జరగదు, ఎక్స్‌రే మా దగ్గర తియ్యరు, మందులు మా కౌంటర్లో కొనరు, మంచం ఖాళీ. మంచం ఖాళీగా ఉందని నర్సు జీతం ఆగదు, కరెంటు బిల్లూ ఆగదు. ఆసుపత్రి ఖర్చుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే, పదిమంది వచ్చినా వందమంది వచ్చినా పెద్దగా మారవు. వచ్చేవాళ్లు తగ్గేకొద్దీ తల ఒక్కింటికి భారం పెరుగుతుంది. చివరికి ఏదో ఒక వార్డు మూసేస్తారు. దాంతో నర్సుకీ, ల్యాబు కుర్రాడికీ పని పోతుంది, గేటు ముందు టీ కొట్టుకీ బేరం పడిపోతుంది.

వీడియో వచ్చాక జరిగింది ఒకటి చెబుతాను. ఓ పెద్దావిడ కాలి పుండుతో వచ్చింది. నర్సు టాబ్లెట్ పట్టుకుని కింద కూర్చుంది. "ఇంకాస్త దగ్గరగా... లైటు పక్కనుంచి పెట్టమ్మా, అంచు కనబడాలి" అంది తెరమీద డాక్టరమ్మ. నర్సు అంచు తుడిచి మళ్లీ చూపించింది. షుగరు పరీక్ష రాశారు, కట్టు ఎలా కట్టాలో చెప్పారు. పరీక్ష మా ల్యాబులోనే, కట్టు మా నర్సు చేతులమీదుగానే. ఆవిడ పదిరోజులు వరసగా వచ్చింది. చివరి గడి ఖాళీగా వదిలేశాను, దాని ముందున్న గడులు నిండాయి.

అలాంటి డాక్టర్ని నెల జీతమిచ్చి పెట్టుకోవడం చిన్న ఆసుపత్రి తరం కాదు. ఆవిడకి చాలినంత పని కూడా ఉండదు. మాకు కావలసింది వారానికి రెండు గంటలే, ఆ రెండు గంటలే తీసుకున్నాం.

దూరం నుంచే రోగిని చూసే ఈ ఉపాయం కొత్తదేం కాదు. 1905లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త దగ్గర గుండె కొట్టుకునే తీరు గీసే యంత్రం ఉండేది. దాని బరువు రెండు క్వింటాళ్ల పైమాటే! ఆసుపత్రికి మోసుకెళ్లడం కుదరక, రోగి గుండె నుంచి వచ్చే కరెంటునే టెలిఫోన్ తీగమీద కిలోమీటరున్నర దూరంలోని తన ల్యాబుకి రప్పించుకున్నాడు.

పక్షవాతం సంగతి ఇంకా గట్టిది. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ముందు సీటీ స్కాన్ చూసి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. స్కాన్ ఇక్కడ తీసి, మెదడు, నరాల డాక్టరు (న్యూరాలజిస్టు) పట్నంలో చూస్తే, ఇంజెక్షన్ ఇక్కడే పడుతుంది. ఆ మనిషి మళ్లీ నడిచి పనికి వెళ్తే ఆ ఇంటికి మిగిలేది ఏ రిజిస్టరులోనూ పట్టదు.

"తెరమీద వైద్యం నాసిరకం కదా" అనేవాళ్లున్నారు. అమెరికాలోని న్యూ మెక్సికోలో 2003లో డాక్టర్ సంజీవ్ అరోరా ఎకో అనే పద్ధతి మొదలుపెట్టారు. ఆయన వీడియోలో రోగుల్ని చూడలేదు. హెపటైటిస్ సి అనే కాలేయ జబ్బుకి వైద్యం ఎలా చెయ్యాలో చిన్న ఊళ్ల డాక్టర్లకి, జైలు డాక్టర్లకి వారం వారం వీడియోలో నేర్పారు. 407 మంది రోగుల ఫలితాలు 2011లో ప్రచురించారు. యూనివర్సిటీ ఆసుపత్రిలో 57.5 శాతం మందికి నయమైతే, ఆ చిన్న ఊళ్లలో, జైళ్లలో 58.2 శాతం మందికి నయమైంది. నాకు నచ్చింది ఇది, ఎందుకంటే రోగితోపాటు విద్య కూడా ఊళ్లోనే నిలబడిపోయింది.

అన్నీ తెరమీద కుదరవు. కడుపు నొక్కి చూడ్డానికి చెయ్యి కావాలి. నెట్ పోతే అంతా టెన్షనే. వీటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఓ పెద్దాసుపత్రి మా దగ్గర కంప్యూటరు ఉచితంగా పెట్టించింది. సంతోషించాం. కానీ వాళ్ల డాక్టర్లు వీడియోలో చూసిన ప్రతివాళ్లనీ "మా దగ్గరికి వచ్చెయ్యండి" అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. మూడు నెలలు తిరిగేసరికి 'రిఫర్' గడి మునుపటికన్నా ఎక్కువ నిండింది. అప్పుడు కూర్చుని ఒప్పందం తిరగరాశాం. ఇక్కడ చెయ్యగలిగిన పరీక్ష ఇక్కడే, చూపించుకోవాల్సిన రెండోసారి కూడా ఇక్కడే అని. సంతకానికి వాళ్లు రెండు వారాలు నానబెట్టారు. ఆ రెండు వారాలూ కంప్యూటరుకి గుడ్డ కప్పేసి ఉంచాను.

మీ తాతయ్య