గోపాల్‌పూర్ సముద్రం అడుగున బంగారం ఓడ లేదండీ!

బరంపురంలో ఏ పెళ్లికెళ్లినా, నేను సముద్రం అడుగున సర్వే చేస్తానని తెలియగానే వచ్చే ప్రశ్న ఒకటే: "ఎంత బంగారం దొరికింది?" దొరికినవి రాళ్లు, పెంకులు. అడిగినవాళ్ల మొహం చూడాలి!

అపోహ: నీళ్లలోకి దూకితే ఓడ కనిపిస్తుంది.
మన వైపు నీళ్లు బురద నీళ్లు. రుషికుల్య వరద కలిశాక చాపిన చెయ్యి కూడా కనపడదు. బయట మిగిలిన చెక్కను పురుగు తొలిచేస్తుంది. గాలి తగలకుండా మట్టిలో కూరుకుపోయిందే దక్కుతుంది. అందుకే ముందు పడవ వెనక సోనార్ (శబ్దంతో అడుగును చూపే పరికరం) కట్టి, పొలం దున్నినట్టు వరసలు వరసలుగా తిరుగుతాం. మునగడం ఆఖరి పని.

అపోహ: మాగ్నెటోమీటర్ ఉంటే ఏ ఓడైనా దొరుకుతుంది.
అది పట్టేది ఇనుమును. స్టీమరు బాయిలరు, ఫిరంగి, ఇనప లంగరు అయితే సరే. కానీ ఈ తీరపు మసూలా పడవలకు మేకులేవీ? పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అల కొట్టినా పగలకుండా వంగేది. తెల్లదొరల కాలంలో స్టీమర్లు దూరంగా ఆగితే, సరుకును, మనుషులను ఒడ్డుకు చేర్చింది ఇలాంటి పడవలే. అలాంటిది మునిగితే మిషనుకు ఏం చిక్కుతుంది? అందుకే మేం కుండ పెంకులు, ఓడ బరువుకు వేసిన రాళ్లు, రాతి లంగర్లు వెతుకుతాం.

అలాగని చిల్లున్న ప్రతి రాయీ పాత లంగరు కాదు. వలకు రాళ్లు ఇప్పటికీ కడుతున్నారు. ఇండో-అరబ్ అనే పాత రకం రాతి లంగరైతే పొడవుగా ఉంటుంది: పైన గుండ్రటి రంధ్రం, కింద ఒకదానికొకటి అడ్డంగా రెండు చదరపు రంధ్రాలు. అదైనా ఏ కాలానిదో రాయిని మాత్రమే చూసి చెప్పలేం.

అపోహ: పాత రేవులన్నీ సముద్రంలో మునిగాయి.
చిలికా సరస్సు పక్కన పాలూరు ఉంది కదా, రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన పలౌరా రేవు అదేనని చాలామంది పండితుల మాట. చిలికా ఒడ్డునే ఉన్న మాణిక్‌పట్నా తవ్వకాల్లో చైనా పింగాణీ దొరికింది నేల మీదే. ఇసుక మేట వేసి ముఖద్వారం జరిగితే రేవు ఒడ్డునే ఉండిపోతుంది.

అపోహ: దొరికింది పైకి తెస్తేనే గొప్ప.
నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వలలో పడ్డ ఒక జాడీని ఎవరో బ్రష్షుతో తోమి అరుగు మీద ఎండబెట్టారు. లోపలి ఉప్పు గడ్డకట్టి, పైపొర పెచ్చులుగా రాలిపోయింది. తోమకండి, ఎండబెట్టకండి. సముద్రపు నీళ్లలోనే ఉంచి కబురు చెయ్యండి. వందేళ్లు దాటిన వస్తువులకు 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం కుదరదు.

శ్రీలంకలో గొడవాయ దగ్గర మునిగిన ఓడ సుమారు రెండు వేల ఏళ్ల నాటిది. దాన్ని ముందు చూసింది శంఖాల కోసం మునిగే స్థానికులే. మా గోపాల్‌పూర్‌లోనూ చేపలు పట్టే ఒక వాడబలిజ తాత అన్నాడు: "మిషను నీది బాబూ, వల చిరిగిన చోటు నాది." లైట్‌హౌస్‌ను, వెనక కొండను ఒకే గీతలో పెట్టి చోటు చూపించాడు. మర్నాడు మునిగి చూస్తే మామూలు బండ, దానికి చిక్కుకున్న వల ముక్కలు. చెబితే నవ్వి, రెండో చోటు చెప్పాడు.