పండగ మూడు రోజులు, అరిసెల డబ్బా నెల రోజులు

సంక్రాంతి అయిన మర్నాడు బరువు చూసుకుని, కిలోన్నర పెరిగిపోయామని టెన్షన్ పడేవాళ్ళకి ముందుగా చెప్పాల్సిన మాట ఒకటుంది, అందులో ఎక్కువ భాగం కొవ్వు కాదు. భోగి నుంచి కనుమ దాకా అన్నం, పులిహోర, బెల్లం వంటకాలు బాగా తింటే ఆ పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలోనూ కండరాల్లోనూ చేరుతుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు 3 గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుతుంది. జంతికల్లో, పచ్చళ్ళలో ఉండే ఉప్పు ఇంకొంత నీటిని ఒంట్లో ఆపుతుంది. మామూలు తిండికి వచ్చేశాక కొద్ది రోజుల్లోనే ఆ నీటి బరువు దిగిపోతుంది. నిజంగా కిలో కొవ్వు చేరాలంటే మన ఖర్చుకి మించి దాదాపు 7,700 క్యాలరీలు తినాలి. 50 గ్రాముల అరిసెలో బియ్యప్పిండి, బెల్లం, పీల్చుకున్న నూనె కలిపి సుమారు 200 అనుకుంటే, రోజూ తినే భోజనం కాక పైన 38 అరిసెలు! మూడు రోజుల్లో అంత తినగలిగేవాళ్ళు ఎక్కడో గానీ ఉండరు.

నా భయమంతా పండగ తర్వాత వంటింట్లో మిగిలే డబ్బా గురించే. అరిసెలు, సకినాలు, జంతికలు, సున్నుండలు వారాల తరబడి పాడవకుండా ఉండేలా చేసుకున్న వంటలు కదా, అందుకే కనుమ వెళ్ళినా అవి వెళ్ళవు. సాయంత్రం టీ తాగుతూ ఒక్కటంటే ఒక్క అరిసె, అదీ రోజూ, నెల రోజులు తింటే 6,000 క్యాలరీలు, అంటే లెక్క ప్రకారం ముప్పావు కిలోకి పైనే. తిన్నదంతా కొవ్వుగా చేరదు, శరీరం కొంత ఖర్చు పెట్టేస్తుంది, కానీ సగం చేరినా తక్కువేం కాదు.

ఎందుకంటే అది మళ్ళీ దిగడం లేదు. అమెరికాలో 195 మంది పెద్దవాళ్ళ బరువులు సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా వరసగా తూచి చూసిన అధ్యయనం 2000లో వచ్చింది. నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా, అంటే అక్కడి థాంక్స్‌గివింగ్ పండగ నుంచి కొత్త సంవత్సరం దాటేవరకు వాళ్ళు సగటున పెరిగింది 0.37 కిలో మాత్రమే. తాము అంతకి నాలుగు రెట్లు పెరిగామని వాళ్ళే అనుకున్నారు. బాధ కలిగించే సంగతి ఏంటంటే ఫిబ్రవరి, మార్చి వచ్చినా ఆ కాస్త బరువు దిగలేదు, తర్వాతి సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్ళీ వచ్చిన 165 మందిలోనూ దిగలేదు. ఏటా ఒక మెట్టు ఎక్కి అక్కడే నిలబడిపోతే ఇరవై ఏళ్ళలో ఎక్కడికి చేరతామో ఊహించుకోండి. అక్కడున్న మనవాళ్ళకైతే దసరా, దీపావళి, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, ఆ వెంటనే ఊరి నుంచి అరిసెల పార్శిల్, సీజన్ ఇంకా పొడుగు.

మనకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పుణేలో పనిచేసే డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! సన్నగా కనిపిస్తూనే మనవాళ్ళు కొవ్వు ఎక్కువ మోస్తారు, అదీ పొట్ట చుట్టూ, షుగర్‌కి దారితీసే చోట. అందుకే భారతీయులకి నడుము కొలత హద్దు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 అని తక్కువగా పెట్టారు.

ఇక పండగ రోజు ఎందుకు అంత తింటాం? గోదావరి జిల్లాల్లో కొత్తల్లుడి ముందు వంద రకాలు దాటిన వడ్డనలు ఏటా వార్తల్లో చూస్తుంటాం. ఒకే వంటకం తింటూ పోతే దాని రుచి మీద మోజు తగ్గిపోతుంది, పక్కనున్న వేరే రుచి మీద మాత్రం తగ్గదు, కడుపు నిండినా బొబ్బట్టుకి చోటు దొరికేది ఇందుకే. 1981లో పరిశోధకురాలు బార్బరా రోల్స్ బృందం ఒకే రకం శాండ్‌విచ్ పెట్టినప్పటి కంటే నాలుగు రకాలు పెట్టినప్పుడు జనం మూడో వంతు ఎక్కువ తిన్నారని చూపించింది. నాలుగు రకాలకే అలా ఉంటే అరిటాకు నిండా వంటలున్నప్పుడు అల్లుడి మీద, వడ్డించే అత్తగారి మీద నిందలేసి లాభం లేదు. ఆ రోజు హాయిగా తినండి, ప్రతిదీ కొసరు కొసరుగా. సాయంత్రం విందుంది కదా అని పొద్దుటి నుంచి పస్తుండటం మాత్రం నాకు నచ్చదు, ఆకలి మీద కూర్చున్నవాడికి చెయ్యి ఆగదు.

ఎక్కువ తిన్నా అందరూ ఒకేలా పెరగరు కూడా. 1999లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి పరిశోధకులు 16 మందికి రోజుకి 1,000 క్యాలరీలు అదనంగా 8 వారాలు పెట్టి చూస్తే, ఒకరికి 0.36 కిలో కొవ్వు చేరింది, ఇంకొకరికి 4.23 కిలోలు. ముఖ్యమైన తేడా వ్యాయామం కాని కదలికల్లో ఉంది, లేవడం, తిరగడం, కుదురుగా కూర్చోకపోవడం లాంటివాటిలో. పండగ ఇంట్లో వంట చేసి, వడ్డించి, గిన్నెలు సర్దే ఆడవాళ్ళు తిరుగుతూనే ఉంటారు, మగవాళ్ళు టీవీ ముందు కూర్చుంటారు. వడ్డనలో, సర్దడంలో చెయ్యి కలపడం న్యాయం కూడా.

మరి ఏం చేస్తే బరువు ఆగుతుంది? ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు 2016, 2017 క్రిస్మస్‌లలో 272 మందితో ప్రయత్నించి చూశారు. కొందరిని వారానికి కనీసం రెండుసార్లు బరువు చూసుకుని రాసుకోమన్నారు, తేలికపాటి సలహాలు ఇచ్చారు, ఏ తిండికి ఎంత నడక అవసరమో పట్టిక ఇచ్చారు. మిగతావాళ్ళకి ఒక మామూలు కరపత్రం. చివరికి తేడా సుమారు అరకిలో, బరువు రాసుకున్నవాళ్ళే తక్కువ తూగారు. చూడటానికి చిన్నదే, కానీ పండగలకి పెరిగేదే అంత.

మన లెక్కలో ఒక అరిసెకి దాదాపు ముప్పావుగంట చురుకైన నడక. వండేటప్పుడే చెక్కల మధ్య గట్టిగా నొక్కండి, కారిపోయే ప్రతి గ్రాము నూనె 9 క్యాలరీలు. రెండు కిలోల పిండి కలిపే చోట ఒక కిలో చాలు. పంచిపెట్టడం మనకి ఎలాగూ అలవాటే, పక్కింటికి, పనిచేసేవాళ్ళకి కనుమ లోపే ఇచ్చేయండి, ఇంట్లో మిగిలినవి టేబుల్ మీద కాకుండా పై అరలో పెట్టండి. పండగ వారం బరువు పట్టించుకోకండి, తర్వాతి వారం నుంచి సోమవారం, గురువారం పొద్దున్నే చూసుకుని క్యాలెండర్ మీద రాయండి, ఫిబ్రవరి నెలాఖరు దాకా.