‘హరిణి’ పేరు: అపోహలు, వాస్తవాలు

అపోహ: హరి భార్య కాబట్టి హరిణి.

ఇంద్రుడి భార్య ఇంద్రాణి, రుద్రుడి భార్య రుద్రాణి. ఆ వరసలోనే ఇదీ అనుకుంటారు. కానీ ఆ ‘ఆని’ ఏయే మాటలకు చేరుతుందో సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని పట్టీ ఇచ్చాడు, అందులో హరి లేడు. ఈ పేరు పుట్టింది రంగులోంచి. ‘హరిత’ అంటే పసుపు, పచ్చ. ఇలాంటి రంగుల మాటలు ఆడవాళ్లకు వాడేటప్పుడు చివరి ‘త’ కాస్తా ‘న’ కావచ్చు. ముందు ‘ర’ ఉంటే అది ‘ణ’ అవుతుంది. రోహిత రోహిణి అయినట్టే హరిత హరిణి.

తిరుచానూరులో అమ్మవారికి తిరుమంజనం (అభిషేకం) జరిగేటప్పుడు శ్రీసూక్తం మొదటి ఋక్కు చెవినబెట్టి వినండి: ‘హిరణ్యవర్ణాం హరిణీం సువర్ణరజతస్రజాం’. అటు బంగారు వన్నె, ఇటు వెండి బంగారు దండలు. నడుమ ఉన్న హరిణి పసిడిఛాయ తల్లి.

అపోహ: హరిణి అంటే లేడి, దేవత పేరు కాదు.

లేడి కూడా నిజమే. సంస్కృత నిఘంటువు అమరకోశం ఆడలేడి, బంగారు ప్రతిమ, పచ్చనిది అని మూడు అర్థాలూ చెబుతుంది. పేరు పెట్టేవాళ్లు ఏది తలుచుకుంటే అది.

అపోహ: ‘హరిని’ అని రాసినా ఒకటే.

అసలు చిక్కు ఇక్కడే. ‘హరిని కొలిచాం’ అంటామే, ఆ హరిని ఇది. ఆడపిల్ల పేరు బదులు ద్వితీయా విభక్తి తగిలిన మగపేరు వచ్చి కూర్చుంటుంది! ఇంగ్లిష్‌లో న, ణ రెండింటికీ ఒకటే అక్షరం కదా, దాన్ని చూసి తెలుగులో టైపు చేసేటప్పుడు ణ ఎగిరిపోతుంది. కాబట్టి దరఖాస్తులో తెలుగు పేరు మీరే విడివిడి అక్షరాలతో రాసివ్వండి, సర్టిఫికెట్ అచ్చు వేయకముందే తెరమీద చదవండి. తొందరా అక్కర్లేదు. పుట్టిన 21 రోజుల్లో పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు.

చివర దీర్ఘం సంస్కృతానిది. గౌరీ మనకు గౌరి అయినట్టే ఇదీ ‘హరిణి’. ‘హరిణీం’ అని మంత్రంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించకండి, అదీ విభక్తే.

అపోహ: ‘హ’ వస్తే పుష్యమి నక్షత్రం.

కాదు. ‘హ’ పునర్వసు మూడో పాదానిది. పుష్యమికి హు, హే, హో, డ.

అపోహ: హరిణి లాగే, తిరుచానూరు అమ్మవారి మరో పేరు అలమేలు కూడా సంస్కృతమే.

అరవం. అలర్ మేల్ మంగై, అంటే పూవు మీది పడుచు. ‘అలమేలు’ అని కోసేస్తే ‘పూవు మీద’ వరకే మిగిలి, మంగ జారిపోతుంది.