ప్రార్థన చేయించుకుంటే మాత్రలు మానేయాలా? గృహ సందర్శనల్లో ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

పేదలు కిక్కిరిసి బతికే వాడల్లో ఇంటింటికీ వెళ్లి ప్రార్థించే పరిచర్యలో ఉన్నవాడిని. "మొన్న ప్రార్థన చేయించుకున్నాం కదా అయ్యగారూ, అందుకే మాత్రలు ఆపేశాం" అనే మాట ఎన్ని గడపల్లో విన్నానో లెక్కలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ప్రార్థన తరువాత మందులు వాడితే విశ్వాసం లేనట్టే.

వాస్తవం: ఈ మాటకు బైబిలు లేఖనాల్లో ఆధారం లేదు. మరణకరమైన రోగంతో ఉన్న యూదా రాజు హిజ్కియా ప్రార్థన విని దేవుడు అతనికి 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. ఆ సందర్భంలోనే పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్త చెప్పాడు (యెషయా 38). ప్రార్థన ఫలించిన చోటే మందు కూడా ఉంది. తరచుగా జబ్బుపడే తన శిష్యుడు తిమోతికి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాసిన అపొస్తలుడైన పౌలు, అతని విశ్వాసాన్ని తప్పుపట్టలేదు. లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచినవాడూ ఆయనే. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని చెప్పే యాకోబు పత్రిక (బైబిల్లోని ఒక ఉత్తరం) 5వ అధ్యాయంలో నూనె రాయడం ఉంది, ప్రార్థన ఉంది, మందు మానమనే మాట మాత్రం లేదు. ఎవరో ఎక్కడో చెప్పారని వాడంతా పాకించే ఈ పుకారు వల్ల ప్రాణాలు పోతున్నాయి.

క్షయ విషయంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మందులు మొదలైన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుతాయి; ఆకలి వేస్తుంది. క్రిములు మాత్రం ఇంకా మిగిలే ఉంటాయి కాబట్టే చికిత్స సాధారణంగా కనీసం 6 నెలలు సాగుతుంది. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టడమే కాక, ఆ మందులకు లొంగని క్షయగా మారవచ్చు, గాలి ఆడని ఒకే గదిలో పడుకునే పిల్లలకూ సోకవచ్చు. మూర్ఛ మందులను ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ మరింత తీవ్రంగా రావచ్చు. రక్తపోటు పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు, కాబట్టి బాగానే ఉన్నామనుకుని ఆ మాత్రలూ ఆపేయకూడదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. ఒక తల్లికి ప్రార్థించి, "దేవుడు నిన్ను బాగుచేశాడమ్మా" అని చెప్పి వచ్చేశాను. రెండు నెలల తరువాత వెళ్లేసరికి ఆమె మంచానికి అతుక్కుపోయి ఉంది. తలగడ కింద నుంచి తీసి చూపిన మాత్రల అట్టలో నాలుగే గుంటలు ఖాళీగా ఉన్నాయి, మిగతా వెండి రేకు చెక్కుచెదరలేదు. "మీరే బాగైందన్నారు కదా అయ్యగారూ, మళ్లీ మింగితే మీ మాటను కాదన్నట్టు అవుతుందని మానేశాను" అంది. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాను. చికిత్స మొదటి నుంచి మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా, ప్రార్థనకు ముందే మందుల సంగతి అడిగి, అట్ట చేతిలోకి తీసుకుని చూస్తాను. పరీక్ష చేసి వైద్యుడు చెప్పకుండా "జబ్బు పోయింది" అనే మాట నా నోట రాదు.

మిగిలిన అపోహలకు ఇంత వివరం అక్కర్లేదు. దైవసేవకుడు గడప తొక్కితే కానుక ఇవ్వాలన్నది తప్పు. ఉచితంగా పొందినదాన్ని ఉచితంగా ఇవ్వమని యేసు శిష్యులకు చెప్పాడు. సంఘంలో చేరితేనే సాయం అందుతుందన్నదీ తప్పే. అలా బేరం పెట్టే వారెవరైనా ఉంటే వారు చేసేది పరిచర్య కాదు. ఇంట్లో చెప్పుకున్న కష్టాన్ని ప్రార్థన అంశమనే పేరుతో సభలో చదివే అధికారం ఎవరికీ లేదు.

ఒక్కటి మాత్రం దాటవేయలేను. స్వస్థత ఆలస్యమైతే ఆ ఇంట్లో ఏదో పాపం ఉందని చుట్టుపక్కల వాళ్లు గుసగుసలాడతారు. ఆ తల్లి కూడా చికిత్స మళ్లీ మొదలయ్యాక, "నాలో ఏ పాపం చూసి దేవుడు ఇలా చేశాడు అయ్యగారూ?" అని ఏడ్చింది. పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు ఇదే ప్రశ్న అడిగితే, వాడూ వాడి తల్లిదండ్రులూ చేసిన పాపం వల్ల కాదని యేసు చెప్పిన యోహాను 9వ అధ్యాయం ఆమెకు నెమ్మదిగా చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుని, నీళ్ల గ్లాసు అందుకుని, ఆమె ఆ పూట మాత్రలు వేసుకున్న తరువాతే ఇద్దరం ప్రార్థనకు తల వంచాం.