41, 11: వెనుక యాక్సిల్ కూతలో దాగిన లెక్క

తన పికప్ ట్రక్కు గంటకు 80 కిలోమీటర్లు దాటాక యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వెనుక నుంచి సన్నని కూత వినిపించేదని ఒక పాఠకుడు రాశారు. షోరూం సర్వీస్ సెంటర్‌లో మొదటిసారి అది మామూలేనన్నారట, రెండోసారి గేర్ ఆయిల్ మార్చారట, మూడోసారి వారంటీ కింద వెనుక యాక్సిల్‌లోని జంట గేర్లైన క్రౌన్, పినియన్ రెండూ మార్చారట. ఇప్పుడు తొక్కితే చప్పుడు లేదు. కాలు తీయగానే వస్తోంది. లోపం పనివాళ్ళ చేతిలో ఉందా, తన చెవిలో ఉందా అని ఆయన అడుగుతున్నారు. ఆయన చెవికి ఏ లోపమూ లేదు. తొక్కినప్పుడు పోయి కాలు తీసినప్పుడు వస్తోందన్న ఆ ఒక్క గమనికలోనే సగం రోగనిర్ధారణ ఉంది.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి గనుక రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కావాలన్న పాఠం అందరూ చదివిందే కాబట్టి దాన్ని వదిలేస్తాను. అయితే డిఫరెన్షియల్ మీద పడే ఒక నిందను తొలగించాలి. తిన్నని రోడ్డు మీద రెండు వెనుక చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు లోపలి చిన్న గేర్లు తమ చుట్టూ తాము తిరగవు. మొత్తం ఒక్క ముద్దలా కదిలిపోతుంది. కనుక తిన్నని రోడ్డు మీద వినిపించే కూతకు అవి కారణం కావు. అనుమానించవలసింది ఇంజన్ శక్తిని వెనుక యాక్సిల్‌కు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర ఉండే చిన్న పినియన్‌నూ, అది తిప్పే పెద్ద క్రౌన్ వీల్‌నూ, వాటిని మోసే బేరింగులనూ.

ఇక నాకు ఎంతో ఇష్టమైన భాగం. ట్రక్కుల వివరాల పట్టికలో యాక్సిల్ నిష్పత్తి 3.73 అనో, 3.55 అనో, 4.10 అనో ఉంటుంది. చక్కగా 4 అని పెట్టుకోక ఈ చిల్లర ఎందుకన్న సందేహం నన్ను చాలాకాలం వేధించింది. 3.73 అంటే క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 11 పళ్ళు; మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఈ నిష్పత్తి. క్రౌన్‌కు 44 పళ్ళు పెడితే నిష్పత్తి సరిగ్గా 4 అవుతుంది గానీ, అప్పుడు పినియన్‌లోని ఒక్కొక్క పన్నూ జీవితాంతం క్రౌన్‌లోని అవే నాలుగు పళ్ళను తాకుతూ ఉంటుంది. దాని మీద ఒక చిన్న గరుకు ఉందంటే ఆ నాలుగింటికే శాపం. 41కీ 11కీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు గనుక ప్రతి పన్నూ అవతలి ప్రతి పంటినీ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల అందరికీ సమానంగా పంచబడుతుంది. ఒకసారి కలిసిన రెండు పళ్ళు మళ్ళీ కలవాలంటే 451 తాకిళ్ళు గడవాలి. అది 41, 11ల కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) తప్ప మరేమీ కాదు. క.సా.గు. ఎందుకు పనికివస్తుందని అడిగే పిల్లలకు ఏవో గంటలు కలిసి మోగే లెక్క చెప్పే బదులు ఒక పాత క్రౌన్ వీల్‌ను బల్ల మీద పెట్టవచ్చునని నా అభిప్రాయం. ఇక్కడ అంకెల అదృష్టశాస్త్రానికి చోటు లేదు: 41 ప్రధాన సంఖ్య కావడంలో మహత్తు ఏమీ లేదు, 3.55 నిష్పత్తిలో క్రౌన్‌కు ఉండే 39 పళ్ళు ప్రధాన సంఖ్య కాకపోయినా పని అంతే చక్కగా జరుగుతుంది.

ఈ అంకెలతోనే కూతకు శ్రుతి కట్టవచ్చు. టైరు ఒక్కసారి తిరిగితే బండి 2.5 మీటర్లు కదులుతుందనుకుందాం. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 10 సార్లు తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ సుమారు 37 సార్లు తిరుగుతుంది, పళ్ళు 410 సార్లు తాకుతాయి. ఈ మూడు అంకెలూ మూడు వేర్వేరు అనుభవాలు. 10 హెర్ట్జ్ చెవికి అందదు, సీటులో కుదుపుగా తెలుస్తుంది. అది టైరుదో రిమ్ముదో. 37 హెర్ట్జ్ కడుపులో మోగే బొంగురు రొద. అది షాఫ్ట్‌ది, లేదా దాని జాయింట్లది. 410 హెర్ట్జ్ మాత్రమే పాడదగిన స్వరం, వేగం సగానికి తగ్గితే సరిగ్గా ఒక స్థాయి దిగుతుంది. ఆ కూత క్రౌన్, పినియన్లదే. ఫోనులో ధ్వని పౌనఃపున్యాన్ని చూపే యాప్ ఏదైనా ఉంటే, పక్కన కూర్చున్నవారు దీన్ని ఐదు నిమిషాల్లో తేల్చగలరు. మరొక వింత ఏమిటంటే, క్రౌన్‌లో ఒక పన్ను, పినియన్‌లో ఒక పన్ను దెబ్బతిని ఉంటే ఆ రెండూ కలిసినప్పుడు వచ్చే దెబ్బ చప్పుడు వేగంతో నిమిత్తం లేకుండా ప్రతి 27.5 మీటర్లకు ఒకసారి వినిపిస్తుంది: 11 చక్ర భ్రమణాలు, ఒక్కొక్కటి 2.5 మీటర్లు.

సరే, కొత్త గేర్లు వేశాక కూత ఎందుకు వచ్చింది? క్రౌన్, పినియన్ పుట్టుకతో జంట. గట్టిపరచిన తరువాత వాటిని ఒకదానితో ఒకటి రుద్ది సరిచేస్తారు గనుక ఎప్పుడూ కలిపే మార్చాలి. సర్వీస్ సెంటర్ ఆ పని సరిగానే చేసింది. కష్టమంతా బిగింపులో ఉంది. పళ్ళ మధ్య ప్లే, అంటే వదలవలసిన సందు, సాధారణంగా మిల్లీమీటరులో ఐదోవంతుకు అటూ ఇటూ ఉండాలి. పినియన్ లోతును షిమ్ములతో, అంటే పలుచని లోహపు బిళ్ళలతో, సరిచేసి, పళ్ళకు రంగు పేస్టు పూసి తిప్పి, తాకిన గుర్తు పంటి కొసకో మొదలుకో పోకుండా నడుమ పడిందో లేదో చూడాలి. చివరగా పినియన్ బేరింగుల బిగువు. చాలా యాక్సిళ్ళలో ఆ రెండు బేరింగుల నడుమ, నట్టు బిగించినప్పుడు నలిగిపోయే ఒక లోహపు గొట్టం ఉంటుంది. అది ఒక్కసారే నలుగుతుంది, తిరిగి సాగదు. పొరపాటున కాస్త ఎక్కువ బిగించి, దాన్ని సరిచేద్దామని నట్టును వెనక్కి తిప్పితే బిగువు మొత్తం పోతుంది; కొత్త గొట్టం వేయడం తప్ప మార్గం లేదు.

ఇప్పుడు పాఠకుడి మాటకు వద్దాం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పళ్ళ ఒక ముఖం పనిచేస్తుంది, వాటి ఏటవాలు కారణంగా పినియన్ క్రౌన్ నుంచి దూరంగా నెట్టబడుతుంది. కాలు తీయగానే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, పళ్ళ రెండో ముఖం తాకుతుంది, పినియన్ క్రౌన్ వైపు లాగబడుతుంది. బేరింగుల బిగువు వదులైతే పినియన్ నిజంగానే ఒక వెంట్రుకవాసి లోపలికి జరుగుతుంది, తాకిడి చోటు తప్పుతుంది, కూత పుడుతుంది. అందుకే ఆయన బండిలో నా మొదటి అనుమానం ఆ గొట్టం, ఆ నట్టు మీదనే. రెండోది, కాలు తీసినప్పుడు పనిచేసే ముఖం మీద పేస్టు గుర్తును సరిగా చూడకపోవడం. నడుపుతూ బండిని మెల్లగా ఎడమకూ కుడికీ తిప్పినప్పుడు చప్పుడు మారితే మాత్రం ఈ విశ్లేషణను పక్కనపెట్టి చక్రాల బేరింగులను చూడాలి.

గేర్ ఆయిల్ మార్చినందువల్ల మొదట్లో లాభం లేకపోవడం సహజం. గంధకం, భాస్వరం కలిపిన ఆ కంపు నూనె పళ్ళను కాపాడుతుంది గానీ తప్పుగా కూర్చున్న పంటిని సరిగా కూర్చోబెట్టదు. చిక్కని నూనె పోస్తే చప్పుడు చచ్చిపోతుందన్న నమ్మకం కూడా చాలామందిలో ఉంది. కొద్ది రోజులు అణిగినా లోపం మాత్రం అలాగే ఉంటుంది.

సర్వీస్ సెంటర్‌కు మళ్ళీ వెళ్ళినప్పుడు జాబ్ కార్డులో "వెనుక సౌండ్" అని రాయనీయవద్దు. ఏ వేగంలో, కాలు ఎక్కడ ఉండగా, మలుపులో మారుతోందా లేదా అన్నది రాయించి, టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వేగానికి నడిపి చూపించాలి. పాత పని తాలూకు పినియన్ బిగువు, ప్లే కొలతలనూ, రెండు ముఖాల పేస్టు గుర్తుల ఫోటోలనూ అడగాలి. విప్పినప్పుడు కొత్త గొట్టం, కొత్త నట్టు వేశారా అని బిల్లులోనే చూసుకోవచ్చు.