రోడ్డు వీధిది, బిల్లు మన పేరున: మిన్నెసోటా స్పెషల్ అసెస్‌మెంట్లపై అపోహలు, వాస్తవాలు

మిన్నెసోటాలో ఒక చిన్న సిటీ ఇంజినీరింగ్ విభాగంలో పని చేస్తున్నాను. పాడైన వీధిని తవ్వి కొత్తగా వేయించడం మా పని. ఆ ఖర్చులో కొంత ఆ వీధి ఇళ్ల మీద వేసే లెక్కలు కట్టడమూ మా పనే. ఉత్తరాలు చేరిన రోజు నుంచి ఫోన్లు మొదలవుతాయి. కింద నా పేరు చూసిన తెలుగువాళ్లు నేరుగా నన్నే పట్టుకుంటారు: "అన్నా, ఏటా ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం కదా, మళ్లీ ఈ వేల డాలర్లు ఏంటి?"

అపోహ: ప్రాపర్టీ టాక్స్ కడితే అన్నీ అందులోనే.

పోలీసు, ఫైర్, మంచు తీయడం లాంటి ఊరుమ్మడి పనులకు ఆ పన్ను వెళ్తుంది. ఒక వీధికి రోడ్డు, సీవర్ (మురుగు పైపు), నీళ్ల పైపు వేస్తే ఆ వీధివాళ్ల ఆస్తికి ప్రత్యేకంగా కలిగే లాభానికి వేసేది స్పెషల్ అసెస్‌మెంట్. రాష్ట్ర చట్టంలో దీనికి 429వ అధ్యాయం ఉంది. ప్రాపర్టీ టాక్స్ లేని చర్చిలు కూడా దీన్ని కడతాయి. అన్ని సిటీలూ ఇదే దారిలో పోవు. కొన్ని కరెంటు, గ్యాస్ బిల్లుల మీద చిన్న ఫీజు వేసి రోడ్ల ఖర్చు రాబట్టుకుంటాయి.

అపోహ: సిటీకి ఎంత ఖర్చయిందో అంతా పంచి వేయొచ్చు.

ఎక్కువమందికి తెలియనిది ఇదే. వీధి వైపు మీ స్థలం ఎన్ని అడుగులుందో ఆ లెక్కన పంచినా, ఇంటికింత అని పంచినా, ఆ పని వల్ల మీ ఆస్తి మార్కెట్ విలువ ఎంత పెరిగిందో అంతకు మించి వేయకూడదు. లెక్క కోసం అనుకుందాం: మీ వంతు 9,000 డాలర్లని సిటీ తేల్చింది, విలువ పెరిగింది 6,000 మాత్రమే. అప్పుడు 6,000 దగ్గర ఆగాల్సిందే. ఇది కొత్త మాటేమీ కాదు. ఒహాయో ఊరొకటి దారి వేసిన ఖర్చంతా స్థలం యజమాని మీదే మోపితే, కలిగిన లాభం కన్నా బాగా ఎక్కువ వసూలు చేయడం ఆస్తి లాక్కోవడమేనని 1898లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మా రాష్ట్రంలో 2016లో సెయింట్ పాల్ డౌన్‌టౌన్ చర్చిలు రెండు గెలిచిన కేసు కూడా ఇలాంటిదే. వీధుల నిర్వహణకు సిటీ వసూలు చేసినదాన్ని ఫీజు అని పిలిస్తే కుదరదు, అది పన్నే కాబట్టి ఈ హద్దు దానికీ వర్తిస్తుందని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

కోర్టుకెళ్తే మాత్రం సిటీ లెక్కే సరైనదన్న ఊహతో మొదలవుతుంది. కాదని చూపించాల్సింది మీరే. ఆస్తి విలువ కట్టే అప్రైజర్, లాయర్ ఫీజులు బిల్లును మించిపోతే ఆ పోరాటం దండగ అంటాను నేను.

అపోహ: హియరింగ్‌లో లేచి గట్టిగా అడిగితే అభ్యంతరం చెప్పినట్టే.

కాదు! సిటీ కౌన్సిల్ జనం మాట వినే ఈ హియరింగ్‌లు రెండు. పని చేయాలా వద్దా అనేది మొదటిది. ఎవరి మీద ఎంత అనేది రెండోది. జనం మొదటిదానికి రారు. రెండోదానికి నిండుగా వచ్చి "మాకు ఈ రోడ్డే వద్దు" అంటారు. చాలాసార్లు అప్పటికి రోడ్డు వేసేసి ఉంటాం. నిజానికి బలం మొదటిదానిలోనే ఉంది. వీధిని ఆనుకున్న స్థలాల ముందువైపు పొడవులో కనీసం 35 శాతం ఉన్న యజమానులు తామే పని అడిగితే తప్ప, మామూలుగా కౌన్సిల్‌లో అయిదింట నాలుగు వంతుల ఓట్లు కావాలి. అయిదుగురున్న కౌన్సిల్‌లో ఇద్దరిని ఒప్పిస్తే పని ఆగుతుంది.

రెండోదానిలో నోటిమాట చెల్లదు. సంతకం పెట్టిన కాగితం హియరింగ్‌కు ముందో, అక్కడికక్కడో ఇవ్వాలి. సరైన కారణం లేకుండా అది ఇవ్వకపోతే తర్వాత అప్పీలుకు దారి లేదు. ఇచ్చినవాళ్లు కౌన్సిల్ ఆమోదించిన 30 రోజుల్లోపు సిటీకి అప్పీలు నోటీసు అందజేసి, ఆపై 10 రోజుల్లో డిస్ట్రిక్ట్ కోర్టులో దాఖలు చేయాలి. ఒకాయన ఇరవై నిమిషాలు అద్భుతంగా మాట్లాడి, కాగితం ఇవ్వకుండా కూర్చున్నాడు. మైకులో గుర్తు చేద్దామంటే నా కుర్చీ అందుకు అనుమతించదు.

అపోహ: మొత్తం ఒకేసారి కట్టాలి.

ఆమోదం తర్వాత 30 రోజుల్లో కడితే వడ్డీ ఉండదు. లేకపోతే వడ్డీతో వాయిదాలుగా ప్రాపర్టీ టాక్స్ బిల్లులో కలుస్తుంది. 65 ఏళ్లు దాటినవాళ్లకు కట్టడం భారమైతే సిటీ ఆ కట్టడాన్ని వెనక్కి జరపొచ్చు, ఆ విధానం పెట్టుకున్న సిటీల్లో. మాఫీ మాత్రం కాదు, ఇల్లు అమ్మితే బాకీ ముందుకొస్తుంది.

అపోహ: టాక్స్ రిటర్న్‌లో మినహాయింపు దొరుకుతుంది.

కొత్త రోడ్డు, సీవర్ లాంటివాటికి దొరకదు. ఆ మొత్తం ఇంటి ఖరీదుకు కలుస్తుంది, అమ్మినప్పుడు పనికొస్తుంది. వడ్డీ, మరమ్మతుల భాగం విడిగా చూపిస్తే వాటి సంగతి వేరు, పన్ను లెక్కలు చూసే మీ సీపీఏని అడగండి.

అపోహ: ఇల్లు కొనేటప్పుడు పాత బాకీలన్నీ అమ్మినవాళ్లవే.

ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నదే లెక్క. ఇప్పటికే వేసినది వేరు, రాబోయేది వేరు. రెండోది మర్చిపోయి సంతకం పెట్టినవాళ్లు గృహప్రవేశం అయిన నెలకే మా ఉత్తరం అందుకుంటారు. ఆఫర్ పెట్టేముందు సిటీకి ఫోన్ చేసి ఆ వీధికి పనులేమైనా అనుకుంటున్నారా అని అడిగితే చెబుతాం. మా ఆఫీసులో ఆ ఫోన్ ఎత్తేది చాలాసార్లు నేనే, తెలుగులోనే అడగొచ్చు.